మీ పక్కన ఎవరు లేరు?

1988 జూన్ ఆరవ తేదీ, సోమవారం ఉదయం, ఇరవై అయిదేళ్ల యువకుడొకరు నియామక పత్రం చేతబట్టుకొని, రైల్వే క్వార్టర్ల పక్కనున్న ఒక సంఘంలో సహాయ కాపరిగా చేరడానికి వచ్చారు. మందిరానికి తాళం వేసి ఉంది. మెట్లు ఊడుస్తున్న కాపలామనిషి, "పెద్దయ్యగారు ఇళ్లకు వెళ్లారండీ, కూర్చోండి" అన్నాడు. ఎప్పటికి వస్తారని అడిగితే, "నిన్న ఆరాధనకు ఎంతమంది రాలేదో దాన్నిబట్టి ఉంటుందండీ" అన్నాడు. పెద్దయ్యగారు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ యువకుడే ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన అయ్యగారు. ఉద్యోగంలో తనకు అందిన మొదటి పాఠం కాపలామనిషి చెప్పిన ఆ మాటేనని ఇప్పటికీ అంటారు.

ఆ పెద్దయ్యగారి పద్ధతి ఒకటుండేది. సంఘంలో ప్రతి కుటుంబానికీ ఒక బల్ల ఉండేది. ఎవరూ కేటాయించింది కాదు, ఏళ్ల తరబడి కూర్చోగా ఏర్పడిన హక్కు. ప్రసంగ వేదిక మీద నిలబడి చూస్తే, నోట్లో పన్ను ఊడినచోటికి నాలుక పోయినట్టు, చూపు ఖాళీగా ఉన్న చోటికి పోయేది. ఆరాధన ముగిశాక ఆయన సైకిలెక్కి ఆ ఖాళీలో కూర్చోవలసినవారి ఇంటికి వెళ్లేవారు. "ప్రసంగం వచ్చినవాళ్లకయ్యా, సైకిలు రానివాళ్లకి. రెంటిలో ఒకటే చేయగలిగితే సైకిలే తొక్కు" అని సహాయ కాపరికి చెప్పేవారు. అయ్యగారు రెండూ చేశారు. సైకిలు పోయి స్కూటరు వచ్చింది. పద్ధతి పోలేదు.

తరువాత ఏడేళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల పరామర్శకుడిగా పనిచేశారు. మొదటి వారంలోనే, మంచం పక్కన నిలబడి ప్రార్థన అందుకోబోతుంటే, కాలు తీసేసిన ఒక లారీ డ్రైవరు ఆపేశాడట. "దేవుడు ఎక్కడికీ పోడు గానీ, ముందు మీరు కూర్చోండి సార్. నిలబడ్డవాళ్లందరూ వెళ్లిపోయేవాళ్లే ఇక్కడ" అన్నాడట. అయ్యగారు కుర్చీ లాక్కొని కూర్చున్నారు. మాట్లాడకుండా కూర్చోవడం అక్కడే నేర్చుకున్నానంటారు. ఆ విద్య మన సంఘంలో ఎలా ఉపయోగపడిందో ముందుముందు తెలుస్తుంది.

2007లో ఆయన మన సంఘానికి కాపరిగా వచ్చారు. తొలి ఏళ్లు సాఫీగా గడిచాయి. ఆ తరువాత, ఈ కాలంలో ఏ సంఘానికీ తప్పని తగవు మనకూ వచ్చింది. పెద్దలకు పాత కీర్తనలు కావాలి. యువజనులకు డ్రమ్సు, కీబోర్డు, తెర మీద అక్షరాలు కావాలి. "ఈ పాటలకి మేం నిద్రపోతున్నాం" అని వారు, "ఇది మందిరమా, మేళమా" అని వీరు. ఆరాధన ముగిశాక వరండాలో చెప్పులు వేసుకునే చోట మొదలైన మాటలు కమిటీ గది దాకా వచ్చాయి. ఎడ్డెమంటే తెడ్డెమనే స్థితి వచ్చినప్పుడు, సంఘ కార్యదర్శి, మనమందరం హెడ్‌మాస్టారని పిలుచుకునే విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, ఒక పరిష్కారం చెప్పారు. ఉదయం ఏడింటికి కీర్తనలతో ఒక ఆరాధన, పదింటికి వాయిద్యాలతో మరొకటి. ఎవరికి నచ్చినదానికి వారు రావచ్చు. బల్లలు తీసేసి కుర్చీలు వేయించారు. పదింటి ఆరాధనను ఫోన్లలో ప్రత్యక్షంగా చూసే ఏర్పాటు కూడా జరిగింది. అయ్యగారు అందుకు ఒప్పుకొని సంతకం చేశారు. గొడవ సద్దుమణిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ శాంతి ఏడాదిన్నర నడిచింది. అది ఎలా ముగిసిందో అయ్యగారే అనేకసార్లు చెప్పారు గనుక, ఆయన చెప్పినట్టే మన సంఘ పత్రికలో రాయడం సముచితం.

ప్రసంగ వేదిక మీద కప్పే గుడ్డ అంచు ఊడింది. దాన్ని కుట్టించడానికి అయ్యగారు ఒక గురువారం మిషనత్త ఇంటికి వెళ్లారు. కుట్టుమిషను మీద బతికి, గాయక బృందం అంగీలన్నీ తన చేత్తో కుట్టిన ఆమెను సంఘంలో పిల్లా పెద్దా మిషనత్త అనే అంటారు. ఆమె దిండు గలేబు కుడుతోంది. అయ్యగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, కాపరులందరికీ ఉండే అలవాటు కొద్దీ, ఒక మంచిమాట అనేశారు.

"పోయిన ఆదివారం చివరి పాటలో మీ గొంతు ఖంగుమని వినిపించిందమ్మా."

మిషను ఆగింది.

"పోయిన ఆదివారమా, అయ్యగారూ?"

"అవునమ్మా."

"అయితే నా గొంతు నన్నిక్కడ ఒదిలేసి తనొక్కతే వచ్చుంటుంది. నేను గుడి మెట్టెక్కి మూడు నెలలు దాటిందండీ."

ఏడింటి ఆరాధనలో ఆమె కనిపించనప్పుడు అయ్యగారు, కూతురితో కలిసి పదింటికి వెళ్తోందనుకున్నారు. పదింటికి కనిపించనప్పుడు, పొద్దున్నే వచ్చి వెళ్లిందనుకున్నారు. ఆయనే కాదు. ఏడింటికి వచ్చే ఆమె స్నేహితురాళ్లు అలాగే అనుకున్నారు, పదింటికి వచ్చే కూతురూ అలాగే అనుకుంది.

"ఒంట్లో బాగాలేదా?"

"ఒంటికేం, దుక్కలా ఉన్నాను. పొద్దున్నదానికి వస్తే మా అమ్మాయి, 'ముసలాళ్ల జట్టులో చేరిపోయావా' అంటుంది. రెండోదానికి వస్తే నా ఈడువాళ్లు, 'ఈ వయసులో నీకు గంతులేంటే' అంటారు. అటు గోడ దెబ్బ, ఇటు చెంప దెబ్బ. నా మిషను నన్నేమీ అనదు కదా అని కూర్చున్నాను."

"మీ అమ్మాయికి తెలీదా?"

"ఫోన్లో 'గుడికెళ్లావా అమ్మా' అంటుంది. 'ఆఁ' అంటాను. ఏ పూట అని అది అడగదు, నేను చెప్పను." ఆమె దారం తెంపి, గలేబు మడిచింది. "మీరూ అడగలేదు లెండి."

ఆ చివరి మాట ఆమె కోపంగా అనలేదు. అందువల్లే అది ఆయనకు గట్టిగా తగిలింది. ఆయన వెనుదిరిగి గేటు దాకా వెళ్లిపోయారు. వెనకనుంచి మిషనత్త కేకేసింది: "అయ్యగారూ, గుడ్డ! గుడ్డ ఇవ్వడానికి కదా వచ్చారు?"

ఆ తరువాతి ఆదివారం ఆయన రెండు ఆరాధనల్లోనూ ఒకే ప్రసంగం చేశారు. "రాని మనిషి గొంతు విన్నానని ఆమె ఇంటికే వెళ్లి చెప్పి వచ్చాను. తగవు తీరిందని నేను సంతకం పెట్టిన కాగితం వల్ల, మనలో ఒకరు కనబడకుండా పోయినా పట్టే వీలు లేకుండా పోయింది. ఈ తప్పు నాది, దిద్దుకోవడం కూడా నాదే" అన్నారు. ఆ నెల కమిటీ సమావేశంలో, ఇకమీదట ఆరాధన ఒక్కటేనని ప్రతిపాదించారు.

ఏడాదిన్నరగా ఏ విషయంలోనూ కలవని రెండు వర్గాలూ ఆ రోజు ఒక్క విషయంలో కలిశాయి. మళ్లీ కలవకూడదన్న విషయంలో.

"మానిన పుండు కెలకకండి అయ్యగారూ. ఇప్పుడు హాయిగా ఉంది, గొడవ లేదు" అన్నారు హెడ్‌మాస్టారు.

"నిజమే మాస్టారూ. గొడవ పడాలంటే ఎదుట మనిషి ఉండాలి కదా."

యువజనుల తరఫున కీబోర్డమ్మాయి లేచింది. వారమంతా రక్తపరీక్షల ప్రయోగశాలలో పనిచేసి, ఆదివారం కీబోర్డు వాయించే ఆమె మాట తూకం వేసినట్టుంటుంది. "మళ్లీ మేం గోడవారన చేతులు కట్టుకుని నిలబడాలా, అయ్యగారూ? మా పాట వచ్చినప్పుడల్లా పెద్దాళ్లు గడియారం చూసుకోవడం మేం చూడాలా? లైవ్‌లో వందలమంది చూస్తున్నారిప్పుడు."

"చూస్తున్నారమ్మా. వాళ్లలో ఎవరికి జ్వరంగా ఉందో ఆ అంకె చెబుతుందా?"

"ఈ పంతం మానకపోతే మీ బదిలీ కోరుతూ పైవారికి రాయాల్సి వస్తుంది" అన్నారు హెడ్‌మాస్టారు. బెదిరింపు కాదు, ఆయన చెప్పినది చేసే మనిషి.

అప్పటికి అయ్యగారి అమ్మాయి కళాశాలలో ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఆయన భార్య, మన అమ్మగారు, పక్క వీధి బడిలో లెక్కల టీచరు. బదిలీ అంటే ఆ ఇల్లు, ఆ బడి, ఆ చదువు అన్నీ చెదిరిపోవడమే. అది గదిలో అందరికీ తెలుసు.

"రాయండి మాస్టారూ. ఉత్తర్వు వస్తే పెట్టె సర్దుకుంటాను. అది వచ్చేదాకా మాత్రం ఆరాధన ఒక్కటే" అన్నారు అయ్యగారు.

ఇంటికి వెళ్లి జరిగింది చెబితే అమ్మగారు విన్నారు. "పెట్టె ఎక్కడుందో తెలుసా మీకు? అటక మీదుంది. దించమంటారా?" అన్నారు.

"ఇప్పుడే వద్దులే."

"అయితే చేతులు కడుక్కురండి. అన్నం చల్లారిపోతోంది."

ఉమ్మడి ఆరాధన మొదలైన మొదటి ఆదివారమే అయ్యగారు కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. కుర్చీలు వచ్చాక ఎవరి చోటు ఏదో తెలియదు, వేదిక మీదినుంచి చూసి పట్టుకోవడం ఇక ఒక్క మనిషి వల్ల కాదు. కాబట్టి ఆఖరి ఆశీర్వచనానికి ముందు ఆగి, సభను ఒక ప్రశ్న అడిగారు: "మీ పక్కన ఎవరు లేరు?" నియమం ఒక్కటే. ఎవరు లేరో చెప్పినవారే, ఆ రోజు పొద్దుగూకేలోగా, వారి ఇంటికి వెళ్లాలి.

ఎవరూ పలకలేదు. అయ్యగారు నిలబడి ఎదురుచూశారు. ఆసుపత్రి కుర్చీలో నేర్చిన విద్య అది. దగ్గులు వినిపించాయి, పంకా వినిపించింది. చాలాసేపటికి ఆశీర్వచనం పలికి పంపారు. మరుసటి వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. ప్రత్యక్ష ప్రసారం చూసుకునే ఫోటోగ్రాఫరు వచ్చి మొరపెట్టుకున్నాడు.

"అయ్యగారూ, మీరలా నిలబడిపోతే చూసేవాళ్లు నెట్ పోయిందనుకుని కట్టేస్తున్నారండీ."

"కట్టేయనీ. లేచి ఇటు వస్తారేమో."

ఆ నెలల్లో జరిగినదంతా చెప్పుకోదగ్గది కాదు. అటు నాలుగైదు, ఇటు నాలుగైదు కుటుంబాలు వేరే సంఘాలకు వెళ్లిపోయాయి. వారిలో కొందరు తిరిగి రాలేదు. అయ్యగారు వారి ఇళ్లకూ వెళ్లారు, కొన్ని గుమ్మాల దగ్గరినుంచే వెనక్కి వచ్చారు. వచ్చినవారు కూడా కుదురుగా కూర్చున్నారని కాదు. కీర్తన పాడుతుంటే కుర్రకారు ఫోన్లు చూసుకున్నారు. డ్రమ్సు మోగితే పెద్దలు పాటల పుస్తకం చప్పుడయ్యేలా మూశారు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, హెడ్‌మాస్టారు అందరి ముందూ కీబోర్డమ్మాయితో, "ఇది ప్రార్థన చేసుకునే చోటమ్మా, ఊరేగింపు కాదు" అన్నారు. ఆమె కీబోర్డుకు గుడ్డ కప్పి వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు.

ఆ ఆదివారం పాట ఎత్తుకునే శ్రుతి లేక తలా ఒక దారి పట్టారు. అయ్యగారు ఎప్పటిలా ఆగి, "మీ పక్కన ఎవరు లేరు?" అన్నారు. ఎప్పటిలా నిశ్శబ్దం. అప్పుడు రెండో వరుసలో కుర్చీ కిర్రుమంది. హెడ్‌మాస్టారు లేచారు.

"ఆ పెట్టె వాయించే అమ్మాయి రాలేదు" అన్నారు.

సభ యావత్తూ తల తిప్పి చూసింది.

"నియమం తెలుసు కదా, మాస్టారూ?"

"తెలియకేం. దాన్ని మినిట్స్‌లో రాసింది నేనే" అని ఆయన కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో కీబోర్డమ్మాయి చెప్పగా తెలిసింది. తలుపు తీసేసరికి హెడ్‌మాస్టారు గోడ పట్టుకొని ఆయాసపడుతున్నారు. ఆమె ఉండేది మూడో అంతస్తు.

"ఏం మాస్టారూ, తిట్టాల్సింది ఏమైనా మిగిలిపోయిందా?"

"మిగిలితే తరవాత తిడతాను గానీ, ముందు మంచినీళ్లియ్యమ్మా."

ఆమె నీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసు పట్టుకొనే కూర్చున్నారు.

"ఇవాళ పాటలు వినలేకపోయామమ్మా. అందరిలోకీ నా గొంతు మరీ అన్యాయం. చూడూ, నాకా డప్పుల మోత నచ్చదు. ఇప్పటికీ నచ్చదు. కానీ నువ్వు లేని ఆ మూల అంతకన్నా నచ్చలేదు."

"మీరు పాత పాటలు మరీ ఈడుస్తారండీ, మాస్టారూ. మా వేళ్లు తిమ్మిరెక్కుతాయి."

"ఈడుస్తాం. మా వయసు అలాంటిది. నువ్వు వెనకనుంచి కాస్త తొయ్యి."

ఆమెకు నవ్వాగలేదట. పై ఆదివారం ఆమె పాత కీర్తనకు వాయించింది, కాస్త తోసింది కూడా. పెద్దలు ఆయాసపడ్డారు గానీ పుస్తకాలు మూయలేదు. పైవారికి రాస్తానన్న ఉత్తరం గురించి హెడ్‌మాస్టారిని ఎప్పుడు అడిగినా "కలం కనబడలేదు" అంటారు. ఈ వాక్యాన్ని ఆయన అచ్చుకు ముందే చదివారు. కొట్టివేయలేదు.

ఆ రోజు తరువాత ఆ ప్రశ్నకు నిశ్శబ్దం బదులు కాలేదు. "మా ఎదురింటి కండక్టరు గారు", "మా తోటికోడలు", "మొన్న బాప్తిస్మం తీసుకున్న ఎలక్ట్రీషియను" అని సభలో నలుమూలలనుంచి వినిపించసాగింది. మిషనత్త కూతురు తల్లి పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. "పక్కన కూర్చోకపోతే ఈవిడ మళ్లీ 'ఆఁ' అనేస్తుంది" అని ఆమె ఫిర్యాదు. మన సంఘంలో తగవులు లేవని కాదు. పోయిన నెల కూడా మైకు ఎంత గట్టిగా ఉండాలన్నదానిమీద గంటసేపు వాదించుకున్నారు. అయితే ఒకే గదిలో కూర్చొని వాదించుకున్నారు. ఒక కాపరి బదిలీకి కూడా సిద్ధపడి సాధించింది అదే.

ఈ పట్టుదలకు ఇంట్లో ఖరీదు చెల్లించినవారు అమ్మగారు. ఆదివారం మధ్యాహ్నపు భోజనం ఆయన ఇంట్లో చేసిన సందర్భాలు అరుదు. ఈ సంచిక కోసం నాలుగు మాటలు చెప్పమంటే ఆమె అన్నారు: "మీ అందరినీ 'పక్కన ఎవరు లేరు' అని అడుగుతారు కదా. ఆదివారం అన్నం దగ్గర నా పక్కన ఎవరు లేరో ఒక్కసారైనా అడిగారేమో కనుక్కోండి." పక్కనే ఉన్న అయ్యగారు తల వంచుకొని నవ్వారు. ఆ బాకీ తీర్చడానికి ఇకమీద ఆయనకు తీరిక దొరుకుతుంది.

విరమించిన కాపరి కొంతకాలం తన పాత సంఘంలో కనబడకూడదని మనకొక నియమముంది. కొత్తగా వచ్చేవారిని అందరూ తమ కాపరిగా స్వీకరించాలంటే పాతవారు తప్పుకోవాలి. ఆ నియమాన్ని సడలించాలని కమిటీ కోరితే అయ్యగారు ఒప్పుకోలేదు. నగరానికి అవతలి చివర ఇల్లు చూసుకున్నారు.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు ఆదివారం ఆయన మన మందిరంలో ఆఖరు ప్రసంగం చేశారు. చివర ఎప్పటిలా ఆగి ఆ ప్రశ్న అడిగారు. ఒకరిద్దరి పేర్లు వినిపించాక మిషనత్త లేచింది.

"వచ్చే వారానిది ఇప్పుడే చెప్పొచ్చా, అయ్యగారూ?"

"చెప్పండమ్మా."

"వచ్చే ఆదివారం ఆ మైకు ముందు నిలబడాల్సినాయన ఉండరు. నేను చెప్పేశాను, అందరూ విన్నారు. నియమం ప్రకారం నేనే రావాలి. ఇల్లెక్కడో చెప్పండి."

మూడు నెలలు కనబడకపోయినా ఒకప్పుడు ఆయన ఆరా తీయని మనిషి ఆమె. సభల ముందు ముప్పై ఏడేళ్లు మాట్లాడిన అయ్యగారు అమ్మగారి వైపు చూశారు. మూడో వరుసనుంచి అమ్మగారే జవాబిచ్చారు: "బస్సు దిగి ఎడమ చేతికి రెండో సందు, అత్తా. ఆకుపచ్చ గేటు. మధ్యాహ్నం రండి, ఆయన ఇంట్లోనే ఉంటారు. నేను చూసుకుంటాను."

"అత్తకు తోడు నేనూ వస్తున్నాను. రాసుకోండి" అన్నారు హెడ్‌మాస్టారు. వెనకనుంచి కీబోర్డమ్మాయి, "మెట్లున్నాయేమో కనుక్కోండి మాస్టారూ, ముందే" అంది. ఆ నవ్వుల మధ్య అయ్యగారు ఆశీర్వచనం పలికారు.

సహోద్యోగులూ, సంఘ సభ్యులూ, కుటుంబ సభ్యులూ ఏకకంఠంతో కోరుకునేది ఒక్కటే. దేవుడు అయ్యగారికి, అమ్మగారికి దీర్ఘాయుష్షును, ఆరోగ్యాన్ని ప్రసాదించాలి. మూడున్నర దశాబ్దాలు ఇతరుల తలుపులు తట్టిన ఆ చేతికి విశ్రాంతి దొరకాలి. ఇకమీద ప్రతి ఆదివారం ఆ ఆకుపచ్చ గేటు చప్పుడవుతుంది. అలా ఎన్నేళ్లు చప్పుడైనా, ప్రతిసారీ ఆయనే లేచి వచ్చి, తన చేత్తో తలుపు తీసి, "రండి, కూర్చోండి" అనాలి.